గమకం తర్వాతి పేజీ

ఏప్రిల్ 7

పని: బడి హాజరు పట్టీలు పన్నెండు, అట్టలు అంటించాను. లైబ్రరీ ఆయన ఒక సంగీత నిఘంటువు తెచ్చాడు. కుట్లు తెగి, పదహారేసి పేజీల ఫారాలన్నీ విడిపోయాయి. పై అంచు చెద తినేసింది. పేజీ నంబరు ఒక్కటీ మిగల్లేదు.

"నంబర్లు లేకుండా వరస పెట్టగలరా?" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళుగా కుడుతున్నాను. ఫారాలు బల్ల మీదకి లాక్కున్నాను.

"అహ, మీకు రాదని కాదు" అని తనే సర్దుకున్నాడు. జూన్ మొదటి వారంలో ఇవ్వాలి.

ఆరున్నర బస్సు సంగతి వినబడగానే జిగురు గిన్నె మూశాను. బస్ స్టేషన్ రెండు వీధుల అవతల. స్పీకరు మా ఇంటి ముందరి షాపు వైపే తిరిగి ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా మా ఆవిడ అక్కడ మైకులో బస్సులు చెబుతుంది, నేనిక్కడ కుట్టుకుంటాను. షాపులో గోడ గడియారం ఆగిపోయి ఆరేళ్ళయింది. బాగుచేయించే అవసరం రాలేదు.

రేపటి నుంచి ఆవిడకి సెలవు.

ఏప్రిల్ 9

ఆపరేషన్ తొమ్మిదింటికి మొదలైంది. మెడ ముందు వాచిన గ్రంథిని తీసేశారు. మూడు గంటలు పట్టింది. వరండా బల్ల మీద కూర్చుని నిఘంటువు ఫారాలు వరస పెట్టాను. మొత్తం ఇరవై రెండు.

మరదలు చూసి, "ఆస్పత్రికి కూడా పని మోసుకొచ్చిన మనిషిని మిమ్మల్నే చూశాను బావగారూ" అంది.

ఖాళీగా కూర్చోవడం చేతకాదు. చెయ్యి వణకలేదు.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు.

ఏప్రిల్ 10

గొంతు రాలేదు.

ఏప్రిల్ 11

గొంతు రాలేదు. నరం కమిలిందట. కోయలేదు, కమిలింది అంతే అని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. మునుపటి గొంతే వస్తుందా అని మరదలు అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఏప్రిల్ 14

నిఘంటువు కుట్టాను. మైనం దారం, ఇరవై రెండు ఫారాలు, లేవకుండా ఒకే బిగిన. వెన్నుకి జిగురు రాసి ప్రెస్సులో బిగించాను.

ఏప్రిల్ 16

ఆవిడని ఇంటికి తెచ్చాం. మరదలు వెంట ఉంది. ఆమె నోట్లో నువ్వు గింజ నానదు కాబట్టి ఇంట్లో చప్పుడుకి లోటు లేదు. ఆవిడ పలక మీద రాస్తోంది. మొదటగా రాసింది ఇది:

"మీకు మాట్లాడ్డం రాదు. నాకు మాట పోయింది. ఇక ఈ ఇంట్లో చీమ నడిచినా వినబడుతుంది."

నవ్వాను. నేను నవ్వానో లేదో చూసి, తర్వాత తను నవ్వింది. శబ్దం లేదు.

స్టేషన్‌లో యంత్రం పెట్టారు. ఎవరో రికార్డు చేసిన గొంతు. తడబడదు, ఆలస్యం చెయ్యదు. ఒక్క మాట కూడా మింగదు. ఇవాళ రెండుసార్లు జిగురు గిన్నెలోనే గడ్డకట్టింది. టైము తెలియలేదు.

ఏప్రిల్ 20

గొంతు కసరత్తులు నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. ఊపిరి తీసుకుని "ఆ" అంటూ ఆపకుండా ఎంతసేపు నిలపగలిగితే అంతసేపు నిలపాలి. పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు.

"ఇంట్లో ఎవరైనా సెకన్లు లెక్క రాసిపెడితే మంచిది" అంది ఆ అమ్మాయి.

"ఆయన పుట్టిందే అందుకు" అంది మరదలు.

ఈ పుస్తకంలో పనికి ఒక గడి ఉంది, వాతావరణానికి ఒక గడి ఉంది. పక్కన ఇంకోటి గీశాను.

నేడు: 2 సెకన్లు. గాలే ఎక్కువ.

ఏప్రిల్ 22

3.

ఏప్రిల్ 23

3. వాన.

ఏప్రిల్ 25

4. డిపో మేనేజరు పళ్ళు పట్టుకుని వచ్చాడు. మంచివాడే. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మేడమ్, దాచుకోవడమెందుకు. యంత్రానికి సెలవు అక్కర్లేదు, జలుబు చెయ్యదు. పైవాళ్ళు దాన్నే ఉంచేద్దామంటున్నారు. నేనే బతిమాలి జూన్ ఒకటి దాకా ఆపాను. ఆ రోజు వచ్చి మైకులో పది బస్సులు చెప్పండి. జనానికి అర్థమైతే మీ కుర్చీ మీదే. లేదంటే సామాన్ల గదిలో చోటు ఖాళీగా ఉంది. అక్కడ మాట్లాడే పని కూడా లేదు."

చివరి మాట ఓదార్పు అనుకునే అన్నాడు. ఆవిడ పలక మీద ఏదో రాసి, ఆయనకి చూపించకుండా తుడిచేసింది.

ఏమి రాశావని నేను అడగలేదు. అడగాల్సింది.

ఏప్రిల్ 29

6. ఇవాళ గాలి కాదు, గొంతే వచ్చింది. వంటింట్లోంచి "ఏవండీ" అని వినబడింది. పని ఆపి లోపలికి వెళ్ళాను. మళ్ళీ అంది. మాట మధ్యలో వణికింది, గాలికి రేకు ఊగినట్టు. ఏడ్చినట్టుగా ఉంది కానీ ఏడవడం లేదు.

మరదలు చప్పట్లు కొట్టింది. "అబ్బో! అక్కా, నీ గొంతులో గమకాలు పలుకుతున్నాయే! పదేళ్ళు సాధన చేసినవాళ్ళకి కూడా రావు!"

ఆవిడ పలక అందుకుంది. "గమకం అంటే అసలేమిటో ఆయన్ని అడుగు. లోకంలో పుస్తకాలన్నీ ఆయన చేతిలోంచే పోతాయి కదా."

"చెప్పండి బావగారూ. ఎక్కడినుంచొచ్చింది ఆ మాట?"

నాకు తెలియదు. చదివినదంతా కుట్టేటప్పుడు చదివినదే. ఎక్కడ దారం ఆగితే అక్కడిదాకా వచ్చిన చదువు. కానీ సంగీత నిఘంటువు ప్రెస్సులోనే ఉంది. చూసి చెబుతానన్నాను. ఆవిడ ముఖంలో వెలుగు వచ్చింది. ఆపరేషన్ తర్వాత చూడలేదు అలాంటిది.

ఏప్రిల్ 30

చూశాను.

"గమకం: గమ్ అనే ధాతువు నుండి వచ్చిన మాట. గమ్ అనగా వెళ్ళుట. సంగీతములో స్వరమునకు కలుగు వణుకు. ఇది" అని ఆ ఫారం చివరి పేజీ ముగిసింది. తర్వాతి ఫారం మొదట్లో ఇలా ఉంది: "పాడువారి దోషములలో ఒకటిగా చెప్పబడినది. భయముచే గాని బలహీనతచే గాని కలుగును. ఇట్టి గొంతు సభకు తగదు."

అక్కడే మూసేశాను.

మధ్యాహ్నం ఆవిడ అడిగింది, గొంతుతోనే. "చూశారా?"

ఇంకా చూడలేదన్నాను.

మే 2

7. నిఘంటువుకి గుడ్డ అంటించలేదు. ఎండాకాలం జిగురు సరిగా పట్టదు. కాయితం చుట్టి పై అరలో పెట్టాను. తొందరేమీ లేదు.

మే 3

7. "చూశారా?" ఇంకా చూడలేదు. పని ఎక్కువగా ఉంది.

పని ఎక్కువగా లేదు.

మే 6

8. మరదలు వాళ్ళ ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్తూ గుమ్మంలో నన్ను పక్కకి పిలిచింది.

"బావగారూ, అక్క రోజుకి పదిసార్లు నన్నడుగుతోంది, నా గొంతు ఎలా ఉందే అని. నేను బాగుంది బాగుంది అంటాను. నేను కాకి గొంతుని కూడా బాగుందంటానని దానికి తెలుసు. మీరు చెబితే నమ్ముతుంది. మీరు అబద్ధమాడరు."

రిక్షా ఎక్కింది. కుడితిలో పడ్డ ఎలుకలా అక్కడే నిలబడ్డాను.

మే 9

8.

మే 10

8. కసరత్తు మధ్యలో మానేసింది. కిటికీ దగ్గర కూర్చుంది. స్టేషన్ నుంచి యంత్రం పది నలభై బస్సు చెబుతోంది. ఆవిడ పెదవులు దానితోపాటు కదిలాయి. "గుంటలు పడ్డ దారి, ముందు సీట్లు ముసలివాళ్ళకి వదలండి" అని పది నలభై బస్సుకి తను కలిపేది. ఎవరూ రాసివ్వలేదు, తన సొంత మాట. యంత్రం దగ్గర ఆ మాట లేదు. ఆవిడ పెదవులు మాత్రం ఆగలేదు.

మే 12

కసరత్తు చెయ్యలేదు. గడి ఖాళీ.

మే 13

ఖాళీ.

మే 14

ఖాళీ. సామాన్ల గదిలో గాలి బాగా వస్తుందని ఆవిడే అంది. కిటికీలు రెండున్నాయట. నేను ఔనన్నాను.

ఎందుకు ఔనన్నాను?

మే 15

ఆ పేజీ ఆవిడకి చెప్పకపోవడమే మంచిదయింది. చెప్పి ఉంటే ఇంకా బాధపడేది. చెప్పలేదు కాబట్టి ఏమీ జరగలేదు.

మే 17

పైన రాసింది చదువుకున్నాను. చెప్పలేదు కాబట్టే జరిగింది. పద్దెనిమిది రోజులుగా "ఇంకా చూడలేదు" అంటున్న మనిషి దగ్గర మంచి కబురు ఉండదని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. ఆవిడ పంతొమ్మిదేళ్ళు రాని బస్సుల గురించి జనానికి చెప్పిన మనిషి.

మే 19

కోర్టు రికార్డులు అప్పజెప్పడానికి వెళ్ళాను. వచ్చేసరికి పదకొండు దాటింది. షాపు తలుపు తీసి ఉంది. ఆవిడ నా బల్ల ముందు కూర్చుని ఉంది. స్టూలు ఎక్కి పై అరలోంచి దించింది కాబోలు, చుట్టిన కాయితం కింద పడి ఉంది. నిఘంటువు తెరిచి ఉంది.

అయిపోయింది అనుకున్నాను.

తలెత్తి చూసింది. ముఖం ఎర్రగా ఉంది.

"ఏవండీ," అంది. వణుకుతూనే వచ్చింది గొంతు, కానీ ఇంత పెద్దగా నెలన్నరగా రాలేదు. "గ తర్వాత ఏమొస్తుంది?"

"ఏం?"

"గ తర్వాత. బళ్ళో చెప్పలేదూ? గ తర్వాత?"

"ఘ."

"మరి మీ పుస్తకంలో ద వచ్చిందేం?"

దగ్గరికి వెళ్ళాను. పేజీ తిప్పి చూపించింది. సభకు తగదు అన్న మాట దాటితే, రెండో పేజీలో, ద్రుతం. తర్వాత ధ్రువం. అలా పదహారు పేజీలు. ఆ తర్వాత హఠాత్తుగా మళ్ళీ గ.

నేను ద్రుతం దాకా చదవలేదు. సభకు తగదు దగ్గరే ఆగిపోయాను.

"ఫారం తప్పు కుట్టారు" అంది. "ఇది దోషాలనే మాట కిందిది. గమకానిది కాదు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఒక్క ఫారం తప్పు కుట్టలేదని ఊరంతా చెప్పుకుంటారు. నేనూ చెప్పాను, ఎంతమందికో! ఎప్పుడు సర్దారు ఇది?"

చెప్పాను. ఆపరేషన్ రోజు, వరండాలో.

ఆ ఫారం అంచు వేలితో తడిమింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఈసారి శబ్దం వచ్చింది. ఎగుడుదిగుడుగా, ఆగి ఆగి, గుంటల దారిలో బస్సులా వచ్చింది.

"చెయ్యి వణికిందన్నమాట" అంది.

ఆ రోజు పేజీ తిరగేసి చూశాను. చెయ్యి వణకలేదు అని రాసి ఉంది.

మే 20

వెన్ను తడిపాను. తడిగుడ్డ వేసి గంట ఆగితే పాత జిగురు మెత్తబడుతుంది. చెక్క కత్తితో గీకి, కుట్లు కోసి, ఎనిమిదో ఫారం దాకా విప్పాను. ఆవిడ ఎదురుగా కూర్చుని తొమ్మిదో ఫారం అందించింది. నేను పట్టుకుంటే తను చదివింది.

"వినువారి మనసునకు హాయి నిచ్చినచో గమకమనబడును. స్వరము తన చోటు విడిచి ప్రక్క స్వరపు నీడ వరకు వెళ్ళి మరలుట దీని లక్షణము. ఇది పదిహేను విధములు."

"చూశావా" అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినబడింది. "దోషం కాదు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"తొందరపడకండి. గమకం పాడేవాళ్ళు కావాలని వణికిస్తారు, ఎంత కావాలో అంతే. నాది దానంతటదే వణుకుతోంది. వద్దన్నా వణుకుతోంది. పేరు పెట్టేస్తే సరిపోతుందా?"

 అంత విప్పి, అంత గీకి, మళ్ళీ మొదటికే వచ్చామనిపించింది.

"కానీ ఒక మాట మాత్రం బాగుంది" అంది, పేజీ మీద వేలు పెట్టి. "వినేవాళ్ళ మీద వదిలేశాడు చూడండి. పాడేవాడికి ఎలా ఉందో లెక్క కాదట. విన్నవాడు చెప్పాలట. మరి ఈ ఇంట్లో విన్నది మీరే. చెప్పండి."

"బాగుంది."

"ఆ మాట మా చెల్లెలు కూడా అంది. మీరు చెప్పండి."

తడిసిన వెన్ను చేతిలో ఉంది. కింద పెట్టాలి, లేకపోతే వంకర పోతుంది. పెట్టలేదు. నాకు మాటలు రావు. ఎంత వెతికినా పని గురించిన మాటలే ఉన్నాయి. అవే చెప్పాను.

"ఇదివరకు నీ గొంతు వింటూ పని చేసుకునేవాణ్ణి. ఇప్పుడు నీ గొంతు వినబడితే పని ఆగిపోతోంది."

ఆవిడ నా వంక చూసింది. నేను జిగురు గిన్నె వంక చూశాను.

"అది మంచికా చెడుకా?" అంది.

"తెలియదు. లోపలికి వచ్చి వినాలనిపిస్తుంది."

ఫారం బల్ల మీద పెట్టింది. లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి వంటింట్లోంచి "ఆ" వినబడింది. సెకన్లు లెక్కపెడుతూ నిలబడ్డాను.

9.

మే 21

9. మళ్ళీ కుట్టాను. ఎనిమిది తర్వాత తొమ్మిది. ఫారం ఫారానికీ ఆవిడ పైకి చదివి సరిచూసింది. క, గ, చ, త, ద. స్టేషన్‌లో బస్సులు పిలిచినట్టే పిలిచింది.

మే 24

11. ఇంట్లో పది బస్సులు చెబుతోంది. గరిటె మైకు. కసరత్తుల అమ్మాయి ఒక ఉపాయం చెప్పిందట. పొడుగు వాక్యాన్ని ఒక్క ఊపిరిలో లాగొద్దు, మూడు ముక్కలు చెయ్యి అని. ముక్కకి ముక్కకి మధ్య ఆగితే వణుకు తగ్గుతోంది. పోలేదు.

"పోదు" అంది ఆవిడే. మామూలుగా అంది, వాన వస్తుంది అన్నట్టు.

మే 27

11. నిఘంటువుకి అట్ట, గుడ్డ. వెన్ను మీద పేరు అచ్చు వేశాను. లైబ్రరీ ఆయన వచ్చి తిరగేసి చూశాడు. "ఒక్క ఫారం తేడా లేదు! నంబర్లు లేకుండా! మీకు మీరే సాటి" అన్నాడు. లోపల ఆవిడ దగ్గింది. గొంతు సరిచేసుకోవడానికి దగ్గే దగ్గు కాదది.

"ఒకటి తప్పు పడింది. మా ఆవిడ పట్టుకుంది" అన్నాను.

ఆయన నమ్మలేదు. నేను ఇన్ని మాటలు మాట్లాడగా ఆయన ఎప్పుడూ వినలేదు, బహుశా అందుకని.

మే 31

12. రేపు పదింటికి.

"మీరు రావద్దు" అంది. "మీరు కనబడితే నాకు భయం. షాపులో కూర్చుని వినండి, రోజూలాగే."

సరే అన్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు కూడా ఇదే మాట అంది. అప్పుడూ సరే అన్నాను.

జూన్ 1

షాపులో కూర్చుని వినలేదు.

మూడో ప్లాట్‌ఫారం దగ్గర లావుపాటి స్తంభం ఉంది. పంతొమ్మిదేళ్ళ కింద దాని వెనకాలే నిలబడ్డాను. ఇప్పుడు నా పొట్ట కొంచెం బయటికి కనబడుతుంది కానీ, ఆవిడ కూర్చునే అద్దాల గది నుంచి అంత దూరం ఎవరు చూస్తారు.

పది గంటలకి యంత్రాన్ని ఆపేశారు. స్పీకర్లు గరగరమన్నాయి. తర్వాత ఊపిరి తీసుకున్న చప్పుడు. అది కూడా మైకులో వినబడింది.

మొదటి బస్సు చెప్పింది. వణికింది. ఊరి పేరు దగ్గర గొంతు జారి, మళ్ళీ అందుకుంది. నా పక్క బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తున్న ఒకామె కళ్ళు తెరిచింది. "ఎవరీ మనిషి?" అంది పక్కనున్న భర్తతో. ఆయన, "ఎవరోలే, నిజం మనిషే" అన్నాడు. "మన బస్సేనా?" "మనది కాదు, తర్వాతది." ఇద్దరూ మరి కళ్ళు మూసుకోలేదు.

రెండు. మూడు. నాలుగో బస్సుకి ముక్కలు చెయ్యడం మర్చిపోయింది. ఒక్క ఊపిరిలో లాగబోయి చివరి మాట గాలిలో కలిసిపోయింది. నేను స్తంభాన్ని పట్టుకున్నాను. ప్లాట్‌ఫారం మీద ఒక ముసలాయన అద్దాల గది వైపు తిరిగి, "ఏ నంబరమ్మా?" అని అరిచాడు. ఆవిడ ఆగింది. మళ్ళీ చెప్పింది, మూడు ముక్కలుగా. ముసలాయన చెయ్యెత్తి, తన ప్లాట్‌ఫారం వైపు నడిచాడు. యంత్రాన్ని నంబరు అడిగినవాళ్ళెవరూ లేరు, నెలన్నరలో.

ఏడోది పది నలభై బస్సు. కొంచెం ముందుగానే చెప్పింది. "గుంటలు పడ్డ దారి. ముందు సీట్లు. ముసలివాళ్ళకి వదలండి." ఎవరో నవ్వారు. ఎవరో, "వచ్చేసిందిరా ఈవిడ" అన్నారు.

పది బస్సులూ అయ్యాయి. గదిలో మేనేజరు లేచి నిలబడి ఏదో అనడం కనబడింది. ఆవిడ తలూపింది. ఆయన యంత్రం తీగ పీకి చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. నేను మెల్లగా బయటికి నడవబోయాను.

స్పీకరు మళ్ళీ గరగరమంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడో ప్లాట్‌ఫారం స్తంభం వెనకాల. దాక్కుని నిలబడ్డ పెద్దమనిషి. వెంటనే షాపుకి వెళ్ళి. పని చేసుకోవలసిందిగా కోరుతున్నాం."

స్టేషన్ అంతా స్తంభం వైపు తిరిగింది.

స్తంభం అన్నచోట గొంతు వణికింది. నరమో, నవ్వు ఆపుకోవడమో తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

పని: సాయంత్రం దాకా ఏమీ చెయ్యలేదు. ప్రతి బస్సుకీ ఆగిపోయింది.